నడుము తిప్పాలా, నిలపాలా? మెడిసిన్ బాల్ వ్యాయామాల వెనుక ఉన్న లెక్క

సంక్షిప్తంగా

మెడిసిన్ బాల్ (రెండు చేతులతో పట్టుకుని విసిరే బరువైన బంతి) పట్టుకుని పక్కలకు తిరిగే వ్యాయామాలు పొట్ట, వీపు, తుంటి కండరాలను కలిపి పని చేయిస్తాయి. తిరిగే పని తుంటిదీ, ఛాతీ వెనుక ఉండే వెన్నుదీ. కింద పుట్టిన బలాన్ని పైకి చేరవేస్తూ గట్టిగా నిలబడటం నడుము పని. కూర్చుని బరువుతో నడుమును మెలితిప్పడం, నిలబడి తేలికపాటి బంతిని వేగంగా విసరడం చూపుకు ఒకే జాతి వ్యాయామాలుగా అనిపిస్తాయి. వెన్నుమీద పడే భారం మాత్రం రెండింటిలో ఒకటి కాదు. ముందు తిరగకుండా నిలబడటం నేర్చుకుని, ఆ తర్వాతే తిరగడం నేర్చుకోవాలన్నది ఇక్కడ ముఖ్యమైన వరస.

ఒకే కదలిక, రెండు సలహాలు

విజయవాడ ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలోనో, గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలోనో తెల్లవారుజామున ఐదున్నరకు కాసేపు నిలబడి చూస్తే నడుము తిప్పేవాళ్లు చాలామందే కనిపిస్తారు. నడక ముగించినవాళ్లు చేతులు చాచి అటూ ఇటూ ఊపుగా తిరుగుతారు. పార్కుల్లోని ఓపెన్ జిమ్‌లలో గుండ్రటి పలకమీద నిలబడి, కమ్మీ పట్టుకుని నడుము ఊపే పరికరం దాదాపు ఖాళీగా ఉండదు. జిమ్‌లలో కుర్రాళ్లు నేలమీద కూర్చుని, కాళ్లు గాల్లో నిలిపి, ఐదు కిలోల బంతిని కుడి పక్కకు ఒకసారి, ఎడమ పక్కకు ఒకసారి ఆనిస్తుంటారు.

వీళ్లలో ఎవరికైనా నడుము పట్టేసి ఎముకల డాక్టరు దగ్గరకు వెళితే ముందుగా వినిపించే మాట ‘వంగొద్దు, మెలి తిరగొద్దు’. అదే ఇంట్లో క్రికెట్ నేర్చుకుంటున్న పిల్లవాడికి కోచ్ చెప్పేది ‘మెడిసిన్ బాల్‌తో రొటేషన్ చెయ్, షాట్‌లో బలం వస్తుంది’. తండ్రికి వద్దన్నది కొడుకుకు ఎలా మంచిదైందని ఆ ఇంట్లో ప్రశ్న రావడం సహజం. వయసు తేడాతో దీనికి సగం జవాబే దొరుకుతుంది. డాక్టరు మాట్లాడుతున్నది నడుము గురించి. కోచ్ మాట్లాడుతున్నది, లేదా మాట్లాడాల్సింది, తుంటి గురించి. ఇద్దరూ ‘తిరగడం’ అనే ఒకే మాట వాడటం వల్ల రెండూ ఒకటేనన్న అభిప్రాయం కలుగుతోంది.

వెన్ను ఎక్కడ ఎంత తిరుగుతుంది

వెన్నెముక పైనుంచి కిందివరకు ఒకేలా తిరగదు. ఛాతీ వెనుక ఉన్న 12 పూసలు కలిసి ఒక్కో పక్కకు సుమారు 30 నుంచి 35 డిగ్రీలు తిరుగుతాయి. నడుములో ఉన్న 5 పూసల వాటా చాలా తక్కువ. ఒక్కో జంట మధ్య ఒకటి రెండు డిగ్రీలే. అన్నీ కలిపినా 5 నుంచి 13 డిగ్రీల మధ్యే అని వేర్వేరు కొలతలు చెబుతున్నాయి. తుంటి కీలు లోపలికీ బయటికీ చెరో 30 నుంచి 45 డిగ్రీల దాకా సులువుగా తిరుగుతుంది. అంటే ‘నడుము తిప్పాను’ అని మనిషి అనుకునే కదలికలో అసలు నడుము తిరిగేది గడియారంలో రెండు నిమిషాల గీతలంత.

ఈ పరిమితి పూసల కట్టుబడిలోనే ఉంది. పూసకూ పూసకూ మధ్య వెనుకవైపు రెండు చిన్న కీళ్లుంటాయి. నడుములో వాటి తలాలు దాదాపు ముందు వెనుకల దిశలో నిలబడి ఉంటాయి. బీరువా సొరుగు ముందుకూ వెనక్కూ హాయిగా జరుగుతుంది. దాన్ని పక్కకు తిప్పబోతే చెక్కకు చెక్క తగిలి ఆగిపోతుంది. నడుము పూసలదీ అదే తీరు. వంగడానికి, లేవడానికి అవి అనువైనవి. మెలి తిరగబోతే ఎముకకు ఎముక అడ్డు వస్తుంది.

పూసల మధ్య ఉండే డిస్క్ సంగతీ చూడాలి. దాని బయటి వలయం పొరలు పొరలుగా ఉంటుంది. ఒక పొరలో నారలు కుడికి వాలితే, దాని పక్క పొరలో ఎడమకు వాలుతాయి. నులకమంచం అల్లికలో తాళ్లు ఎదురెదురుగా పోయినట్టే. నిటారుగా బరువు పడినప్పుడు అన్ని పొరలూ ఆ భారాన్ని పంచుకుంటాయి. మెలి పడినప్పుడు ఒక దిశలో వాలిన నారలే బిగుస్తాయి, రెండో దిశవి వదులవుతాయి. భారం సగం నారలమీదే పడుతుంది. దానికి వంగడం, బరువు కూడా తోడైతే డిస్క్ వెనుక అంచు బాగా దెబ్బతినే అవకాశం ఉంది. ‘వంగొద్దు, మెలి తిరగొద్దు’ అన్న డాక్టరు మాట వెనుక ఉన్నది ఇదే. ఆ రెండు పనుల్లో ఏదో ఒకటి విడిగా జరగడం కంటే రెండూ ఒకేసారి, బరువుతో, పదేపదే జరగడమే ప్రమాదం.

మిర్చి యార్డులో కనిపించేది

గుంటూరు మిర్చి యార్డులో సీజన్ జోరుగా ఉన్న రోజుల్లో హమాలీల పనిని గమనిస్తే ఈ విషయం మరింత తేటగా అర్థమవుతుంది. సుమారు 40 కిలోల టిక్కీని, అంటే మిర్చి బస్తాను, ఇద్దరు చెరో కొస పట్టి లేపి మూడోవాడి వీపుమీదికి చేరుస్తారు. పని మొదలుపెట్టే ముందు నడుముకు తుండుగుడ్డ బిగించి కట్టుకోవడం బరువులు మోసేవాళ్లకు అలవాటు. బరువు వీపుమీద పడ్డాక లారీవైపు తిరగాల్సి వచ్చినప్పుడు అనుభవం ఉన్న హమాలీ పాదాలు తిప్పుతాడు. చిన్న చిన్న అడుగులు వేస్తూ ఒళ్లంతా ఒకే దిమ్మెలా తిరుగుతాడు. కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రవాడు పాదాలు అక్కడే పాతేసి పైభాగాన్ని మాత్రం తిప్పబోతాడు. సాయంత్రానికి నడుము పట్టేసేది అతనికే.

తెలుగులో ‘నడుం బిగించడం’ అంటే పనికి సిద్ధపడటం. ఆ మాటను ఉన్నదున్నట్టుగా తీసుకుంటే వ్యాయామ శాస్త్రం చెప్పేదీ అదే. పొట్ట చుట్టూ అడ్డంగా, నడికట్టులా ఉండే ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్ అనే కండరం చెయ్యి కదలడానికి ముందే బిగుసుకుంటుందని ఆస్ట్రేలియాలో పాల్ హాడ్జెస్, కారొలిన్ రిచర్డ్‌సన్ 1996లో చూపించారు. నడుము నొప్పి ఉన్నవాళ్లలో ఆ బిగుతు ఆలస్యంగా వస్తున్నట్టూ గమనించారు. ఆ ఒక్క కండరానికే తర్వాత కొందరు అతి ప్రాధాన్యం ఇచ్చారు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేది పొట్ట, పక్కలు, వీపు, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్, కటి అడుగు కండరాలు అన్నీ కలిసి ఒక డబ్బాలా బిగుసుకోవాలన్న అవగాహనను. ‘కోర్’ అనే మాటకు అర్థం ఆ మొత్తం డబ్బా. ఆరు పలకల పొట్ట అందులో ముందు గోడ మాత్రమే.

బంతి ఏం చేస్తుంది

మెడిసిన్ బాల్ పేరు వినగానే మందుతో సంబంధం ఉందేమోననిపిస్తుంది. 19వ శతాబ్దంలో అమెరికా వ్యాయామశాలల్లో ఈ పేరు స్థిరపడే నాటికి ‘మెడిసిన్’ అనే మాటను ఆరోగ్యం అనే అర్థంలో వాడేవారు. 1929 నుంచి 1933 వరకు అమెరికా అధ్యక్షుడిగా ఉన్న హెర్బర్ట్ హూవర్ బరువు తగ్గడం కోసం ఆయన వైద్యుడు జోయెల్ బూన్ ఒక ఆట రూపొందించారు. ఆరు పౌండ్లు, అంటే 2.7 కిలోల బంతిని వలమీదుగా విసురుకోవడమే ఆ ఆట. వయసు మళ్లినవాళ్లు కూడా ఆడిన ఆటకు ఎంచుకున్న బరువు మూడు కిలోలు దాటలేదన్నది ఈనాటి జిమ్‌లలో గుర్తుంచుకోవాల్సిన సంగతి.

డంబెల్‌కూ బంతికీ ఉన్న పెద్ద తేడా బంతిని వదిలేయవచ్చు. డంబెల్‌ను ఎంత వేగంగా తిప్పినా చివరికి ఆపి తీరాలి. ఆ ఆపడం కోసం శరీరం సగం దారిలోనే వేగం తగ్గించుకుంటుంది. చేతిలోంచి వెళ్లిపోయే బంతికి అలా బ్రేకు వేయనక్కర్లేదు. వదిలే క్షణం వరకు వేగం పెరుగుతూనే ఉండవచ్చు. బలాన్ని వేగంతో గుణిస్తే వచ్చేది పవర్. షాట్ కొట్టడానికి, బంతి విసరడానికి, స్మాష్‌కు కావాల్సింది అదే. అందుకే బంతి బరువు పెంచుతూ పోతే ప్రయోజనం తగ్గుతుంది. బరువు పెరిగి విసురు మందగిస్తే బలం మిగిలినా పవర్ పోతుంది.

తిరిగే పని ప్రధానంగా పక్కల్లోని ఏటవాలు కండరాలది. ప్యాంటు జేబుల్లో చేతులు పెట్టుకుంటే వేళ్లు ఏ దిశలో ఉంటాయో బయటి ఏటవాలు కండరం నారలు దాదాపు ఆ దిశలో పోతాయి. లోపలి కండరానివి దానికి అడ్డంగా ఉంటాయి. ఎడమకు తిరగాలంటే కుడి పక్క బయటి కండరం, ఎడమ పక్క లోపలి కండరం ఒకే తాడులా కలిసి లాగాలి. కుడిచేతి బ్యాటర్ పుల్ షాట్ ఆడినప్పుడు పని చేసేది ఈ జంటే.

కండరాన్ని ముందు సాగదీసి వెంటనే బిగిస్తే అది మామూలుకన్నా ఎక్కువ బలం ఇస్తుంది. చేలో పిట్టలను తోలేందుకు వడిసెల తిప్పే రైతు చెయ్యి వెనక్కి పోయి ఆగకుండా ముందుకు వచ్చేస్తుంది. వెనక్కు తీసుకున్నాక ఒక్క క్షణం ఆలోచిస్తే రాయి దూరం పోదు. మెడిసిన్ బాల్ విసురులోనూ అంతే. తుంటి ముందుగా గోడవైపు తిరగడం మొదలుపెట్టి, భుజాలు ఇంకా వెనకే ఉన్న ఆ క్షణంలో పక్క కండరాలు రబ్బరులా సాగుతాయి. ఆ సాగుడు వృథా కాకముందే విసరాలి.

గోడ నుంచి తిరిగొచ్చిన బంతిని పట్టుకోవడం కూడా వ్యాయామమే. కోచ్‌లు దీని గురించి తక్కువ మాట్లాడతారు. వస్తున్న బంతి ఒంటిని వెనక్కి తిప్పాలని చూస్తుంది. కండరాలు సాగుతూనే దాన్ని ఆపాలి. ఆటలో చాలా గాయాలు వేగం పుంజుకునేటప్పుడు కాకుండా వేగం ఆపలేనప్పుడు జరుగుతాయి కాబట్టి ఈ సగాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

కూర్చుని తిప్పడం, నిలబడి విసరడం

జిమ్ కుర్రాళ్లు నేలమీద కూర్చుని బంతిని అటూ ఇటూ ఆనించే, ‘రష్యన్ ట్విస్ట్’ పేరుతో రీల్స్‌లో కనిపించే వ్యాయామాన్ని పైన చెప్పిన వాటితో పోల్చి చూడాలి. కూర్చున్నప్పుడు తుంటి నేలకు అతుక్కుపోతుంది. తిరగడానికి బాగా పనికొచ్చే కీలు ఆటలోంచి తప్పుకున్నట్టే. అలసట వచ్చేకొద్దీ నడుము గుండ్రంగా వంగుతుంది. కూర్చుని ముందుకు వంగితే డిస్క్‌మీద ఒత్తిడి నిలబడినప్పటికంటే ఎక్కువని స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాచెమ్సన్ 1960లలోనే కొలిచి చూపారు. వంగి ఉన్న నడుమును ఐదు కిలోల బరువుతో, యాభైసార్లు, తడి బట్ట పిండినట్టు తిప్పడమంటే సగం నారలమీద భారం వేసే పరిస్థితిని కోరి తెచ్చుకోవడం. వీపు నిటారుగా ఉంచి, ఛాతీ నుంచి తిరుగుతూ, బరువు లేకుండా నెమ్మదిగా చేస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. అలా చేసేవాళ్లు మాత్రం అరుదు.

పార్కుల్లోని గుండ్రటి పలకది వేరే లోపం. అందులో బరువు లేదు కాబట్టి భారం తక్కువే. కానీ పైభాగం కమ్మీకి అతుక్కుని, కింది భాగం ఊపుమీద తిరుగుతుంది. కండరం పని చేయడం ఆగి, కదలిక చివరి హద్దు దగ్గర కీళ్లే అడ్డుపడి ఆపుతాయి. నెమ్మదిగా, సగం దూరమే తిరిగితే బిగుతు వదలడానికి పనికొస్తుంది. పొట్ట తగ్గడానికి మాత్రం పనికిరాదు. ఏ భాగాన్ని తిప్పితే ఆ భాగంలోని కొవ్వు కరుగుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. నడుము చుట్టుకొలత తగ్గేది తిండి, నడక, నిద్రల మొత్తం లెక్కతోనే.

నిలబడి గోడకు బంతి విసిరినప్పుడు పాదం, తుంటి, ఛాతీ వరసగా తిరుగుతాయి. ఆ వరసలో నడుము వాటా చాలా చిన్నది. విసురు పూర్తయ్యేసరికి బొడ్డు ఎటు చూస్తోందో ఛాతీ ఎముకా అటే చూడాలి. బొడ్డు పక్కకు ఉండిపోయి ఛాతీ మాత్రం గోడను చూస్తుంటే ఆ తేడా అంతా నడుము భరించిందని అర్థం. అద్దం లేకపోయినా, ట్రైనర్ లేకపోయినా ఎవరికి వాళ్లు చూసుకోగల గుర్తు ఇది.

విల్లు, బంతి, బ్యాటు

ఒళ్లు తిరగకుండా నిలపడం ఎంత బలమైన పనో విజయవాడకు కొత్తగా చెప్పాల్సిన అవసరం లేదు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ ఈ ఊరి అమ్మాయే. ఆమె పోటీపడే కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) విభాగంలో లక్ష్యం 50 మీటర్ల దూరంలో ఉంటుంది. విల్లు లాగుడు బరువుకు నిబంధనల ప్రకారం 60 పౌండ్ల వరకు అనుమతి ఉంది. ఒక చెయ్యి ముందుకు తోస్తూ, రెండో చెయ్యి వెనక్కి లాగుతూ ఉంటే మొండెం మెలి తిరగాలని చూస్తుంది. దాన్ని కదలనివ్వకుండా నిలిపితేనే బాణం పసుపు వలయంలో పడుతుంది. కదలిక కనిపించని చోట కోర్ చేస్తున్న పని అది.

ఫాస్ట్ బౌలర్ల కథ దీనికి మరో చివర. బంతి వదిలేటప్పుడు నడుము ఒకేసారి వెనక్కి, పక్కకు వంగి, మెలి కూడా తిరుగుతుంది. తుంటి ఒక దిశలో, భుజాలు మరో దిశలో ఉండే మిశ్రమ యాక్షన్‌తో నడుము పూసల్లో ఒత్తిడి చీలికలు వచ్చే ముప్పు ఎక్కువని క్రికెట్ వైద్యంలో చాలాకాలంగా తెలుసు. ఆ చీలికలు సాధారణంగా బౌలింగ్ చేతికి ఎదురు పక్కన వస్తాయి. జస్‌ప్రీత్ బుమ్రా 2019లో ఇలాంటి చీలికతోనే ఆటకు దూరమయ్యాడు. 2023లో వెన్నుకు శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఎముకలు ఇంకా గట్టిపడని పదహారేళ్ల బౌలర్‌కు నెట్స్‌లో వేసే ఓవర్లమీద బంతి విసుర్లు అదనంగా కలుస్తాయి. కోచ్ ఆ రెండింటినీ ఒకే లెక్కలో రాసుకోవాలి. మంచి వ్యాయామమే కదా అని లెక్కలోంచి వదిలేయకూడదు.

ఫలితం గురించి ఆధారాలూ ఉన్నాయి. 2007లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో హైస్కూల్ బేస్‌బాల్ ఆటగాళ్లు 12 వారాలు శిక్షణ తీసుకున్నారు. అందరూ బరువులు ఎత్తారు, బ్యాటు ఊపారు. ఒక బృందం అదనంగా మెడిసిన్ బాల్ విసిరింది. మొండెం తిప్పే బలం ఆ బృందంలో ఎక్కువ పెరిగింది. అక్కడ బంతి బరువులకు తోడుగా వచ్చిందే తప్ప వాటి స్థానంలో కాదు. నడుము నొప్పి విషయంలో ఇంకొంత జాగ్రత్తగా మాట్లాడాలి. దీర్ఘకాలిక నొప్పికి కోర్ వ్యాయామాలు మేలు చేస్తాయి గానీ, నడకలాంటి మిగతా వ్యాయామాలకన్నా ఎంతో మెరుగని తేలలేదు.

మొదలుపెట్టే వరస

తొలి మూడు నాలుగు వారాలు బంతి అక్కర్లేదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నుపై దశాబ్దాలు పరిశోధించిన స్టువర్ట్ మెక్‌గిల్ సూచించిన సైడ్ ప్లాంక్ (పక్కకు తిరిగి మోచేయి, పాదాలమీద ఒంటిని లేపి ఉంచడం), బర్డ్ డాగ్ (చేతులు, మోకాళ్లమీద ఉండి ఒక చెయ్యినీ దానికి ఎదురు పక్క కాలినీ చాచడం) చాలు. వాటికి తోడుగా పాలఫ్ ప్రెస్: రెసిస్టెన్స్ బ్యాండ్‌ను కిటికీ ఊచకు కట్టి, దానికి పక్కగా నిలబడి, ఛాతీ దగ్గర పట్టుకున్న కొసను నెమ్మదిగా ముందుకు చాచాలి. బ్యాండ్ పక్కకు లాగుతుంటే ఒళ్లు తిరగనివ్వకుండా పది సెకన్లు ఆగాలి. చూడటానికి ఏమీ జరుగుతున్నట్టుండదు. మూడోసారికి పక్కలు మండుతాయి.

ఆ తర్వాత బంతి. కొత్తవాళ్లకు రెండు కిలోలు, అలవాటైనవాళ్లకు మూడు నాలుగు. గోడకు ఎడమ భుజం వచ్చేలా పక్కగా నిలబడాలి. పాదాలు భుజాల వెడల్పుకన్నా కాస్త ఎడంగా ఉండాలి. బంతిని కుడి తుంటి దగ్గరకు తెచ్చేటప్పుడు బరువు కుడి కాలిమీదికి పోతుంది. అక్కడి నుంచి కుడి మడమ నేలను వదిలి, పాదం బొటనవేలి దుబ్బమీద గోడవైపు తిరగాలి. తుంటి దాని వెంట, ఛాతీ తుంటి వెంట, చేతులు అన్నిటికన్నా చివర. విసిరేటప్పుడు ఊపిరి వదలాలి. కుడి మడమ నేలకే అతుక్కుని ఉంటే తుంటి తిరగలేదు, నడుమే తిరిగింది. యార్డులోని హమాలీ అడుగు గుర్తొస్తే చాలు.

ఒక్కో పక్కకు ఆరు నుంచి ఎనిమిది విసుర్లు, మూడు సెట్లు, వారానికి రెండు మూడు రోజులు సరిపోతాయి. సెట్టుకు సెట్టుకు మధ్య ఒక నిమిషం పైగానే ఆగాలి. బంతి గోడకు తగిలే చప్పుడు మెత్తబడిందంటే ఆ రోజుకు పని అయిపోయింది. కుడిచేతివాళ్లయినా కుడి భుజం గోడవైపు ఉంచి రెండో పక్కకూ అంతే చేయాలి. గోడ విషయానికొస్తే మేడమీది పిట్టగోడ దీనికి పనికిరాదు. బయటివైపు దన్ను లేని ఆ గోడను రోజూ బంతితో కొట్టడం కింద నడిచేవాళ్లకు ప్రమాదం. గట్టి గోడ దొరకకపోతే ఎదురుగా మరో మనిషి నిలబడి అందుకోవడం మేలు. పాత బాస్కెట్‌బాల్‌లో ఇసుక నింపి కుట్టుకున్న బంతి తిప్పడానికి బాగానే ఉంటుంది. విసిరితే కుట్టు విడిపోతుంది.

తెల్లవారుజాము చిక్కు

మే నెలలో బెజవాడ, గుంటూరుల్లో ఎనిమిది దాటితే బయట నిలబడటం కష్టం. కాబట్టి జనం నిద్రలేచిన పావుగంటకే మైదానంలో ఉంటారు. వెన్ను దృష్టితో చూస్తే ఇది ఇబ్బందికరమైన వేళ. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్క్‌లు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మనిషి ఎత్తు ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండేది అందువల్లే. ఉబ్బిన డిస్క్ వంగినప్పుడు మరింత బిగుసుకుంటుంది. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవాళ్లు లేచిన తొలి గంటల్లో వంగడం మానేస్తే నొప్పి తగ్గిందని 1998లో స్నూక్ అనే పరిశోధకుడి బృందం ప్రచురించింది. నీరు చాలావరకు తొలి గంటలోనే తగ్గుతుంది. అందువల్ల మైదానంలోకి రాగానే మెలి తిరగడం మొదలుపెట్టకుండా ముందు అరగంట నడిచి, బంతిని చివరికి ఉంచుకోవడం తేలికైన సర్దుబాటు. సాయంత్రం జిమ్‌కు వెళ్లేవాళ్లకు ఈ చిక్కు లేదు. రోజంతా కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లు మాత్రం తుంటి కండరాలు వదులయ్యేదాకా ఆగాలి. బిగుసుకున్న తుంటి తిరగదు, ఆ పని నడుముమీద పడుతుంది.

ఎవరు ఆగాలి

నడుము నొప్పి పిరుదు దాటి కాలిలోకి పాకుతున్నా, దగ్గినా తుమ్మినా నొప్పి మెరుపులా వస్తున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా బంతి పట్టుకోవడానికి ముందు డాక్టరు చూడాలి. ఎముకలు గుల్లబారినవాళ్లకు వంగి మెలి తిరగడం వల్ల పూస నలిగే ప్రమాదం ఉంది. హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు, సిజేరియన్ అయ్యాక పొట్ట కండరాలు ఇంకా కలవని బాలింతలు, బీపీ అదుపులో లేనివాళ్లు కూడా విసురుళ్ల జోలికి పోకూడదు. వీళ్లలో చాలామందికి నడక, డాక్టరో ఫిజియోథెరపిస్టో సరేనంటే బర్డ్ డాగ్, సన్నటి బ్యాండ్‌తో నిలబడి చేసే పాలఫ్ ప్రెస్ సరిపోతాయి. ఎముకలు గుల్లబారిన ఇంటి పెద్దావిడ కిటికీ దగ్గర నిలబడి, ఊచకు కట్టిన బ్యాండ్ లాగుతున్నా ఒళ్లు కదలనివ్వకుండా పది సెకన్లు ఆగగలిగితే, పక్క గదిలో మనవడు విసిరే బంతి వెనుక పని చేస్తున్న కండరాలే అక్కడా పని చేస్తున్నాయి.